పండుగ తేదీకి కుదువబడిన హిందీ సినిమా

హిందీ చిత్ర పరిశ్రమలో భారీ చిత్రాల నిర్మాణం కొన్నేళ్లుగా కథతో కాక తేదీతో మొదలవుతోంది. దీపావళికి ఒక తార, ఈద్‌కు మరొక తార, క్రిస్మస్‌కు ఇంకొక తార అన్నట్టుగా పంచాంగాన్ని పంచుకున్న నిర్మాణ సంస్థలు ఏడాదికో రెండేళ్లకో ముందే విడుదల రోజును ప్రకటిస్తాయి. ఆపైన చిత్రీకరణ, గ్రాఫిక్స్, ప్రచారం అన్నీ ఆ రోజును అందుకోవడానికి పరుగు తీయవలసి వస్తుంది. పండుగ రోజుల్లో జనం థియేటరుకు వస్తారన్నది నిజమే కాబట్టి పైకి ఈ ఏర్పాటులో తప్పేమీ కనిపించదు. అయితే పండుగ ఇవ్వగలిగినది మొదటి మూడు నాలుగు రోజుల రద్దీని మాత్రమే కాగా, పరిశ్రమ దానికి సినిమా పూర్తి ఆయుష్షుకు కట్టవలసిన వెల కడుతోంది; అంతకన్నా చిక్కైన సంగతి, ఆ మూడు నాలుగు రోజులకు మాత్రమే సరిపోయే చిత్రాలను తయారుచేసే అలవాటులో పడిపోయింది.

ఈ లెక్క తెలియాలంటే ఉత్తరాది దీపావళి నడకను కొంచెం దగ్గరగా చూడాలి. తెలుగు నాట నరక చతుర్దశి, అమావాస్య కలిసి రెండు రోజుల పండుగ కాగా, హిందీ ప్రాంతాల్లో అది ధన్‌తేరస్‌గా పిలిచే ధన త్రయోదశితో మొదలై, లక్ష్మీపూజ, గోవర్ధన పూజల మీదుగా భాయ్ దూజ్ వరకు, అంటే తెలుగువారు భగినీహస్త భోజనంగా ఎరిగిన కార్తిక విదియ వరకు, అయిదు రోజులు సాగుతుంది. బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌లలో ఆ వెంటనే ఛఠ్ పూజ వస్తుంది. పండుగకు ముందు వారం ఇళ్లు దులపడం, బంగారం, బట్టలు, మిఠాయిలు కొనడంతో గడిచిపోతుంది కనుక ఆ వారాన్ని పంపిణీదారులు ఏడాదిలో బాగా బలహీనమైన వారాల్లో ఒకటిగా లెక్కిస్తారు. లక్ష్మీపూజ నాటి సాయంత్రం కుటుంబాలు ఇల్లు కదలవు కాబట్టి ఫస్ట్ షో, సెకండ్ షోలకు జనం పలచబడతారు. అసలు రద్దీ పూజ మర్నాడు మొదలై భాయ్ దూజ్‌తో పతాక స్థాయికి చేరుతుంది. బోనస్ చేతిలో పడిన ఉద్యోగులు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు, బడికి సెలవున్న పిల్లలు కలిసి థియేటరుకు కదిలే సమయం అది. యశ్‌రాజ్ ఫిల్మ్స్ నిర్మించిన 'టైగర్ 3' 2023 నవంబరు 12న, సరిగ్గా లక్ష్మీపూజ జరిగే ఆదివారం నాడు విడుదలైనప్పుడు ఆదివారపు బలాన్ని చేతులారా వదులుకున్నట్టయింది. ఆ చిత్రానికి తొలి రోజు కన్నా సోమవారం నాడు ఎక్కువ వసూళ్లు రావడం అందుకు రుజువు.

దీపావళితో హిందీ సినిమాకు ఉన్న సంబంధం పాతదే అయినా దానికి ఇప్పటి రూపం 1990లలో ఏర్పడింది. 1995 అక్టోబరు 20న, పండుగకు మూడు రోజుల ముందు వచ్చిన 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే' తర్వాత 'దిల్ తో పాగల్ హై' 1997లోనూ, 'కుఛ్ కుఛ్ హోతా హై' 1998లోనూ, 'హమ్ సాథ్ సాథ్ హై' 1999లోనూ, 'మొహబ్బతే' 2000లోనూ అదే రుతువులో విడుదలై విజయం సాధించాయి. వీటిలో చాలావాటికి పెళ్లిళ్లు, కుటుంబపు వేడుకలు, కర్వా చౌథ్ వంటి నోములు, విదేశాల్లో స్థిరపడినవారి ఇంటి బెంగ ముడిసరుకు కావడంతో పండుగ ముందుగా కథలో ఉండేది, తర్వాతే క్యాలెండరులో. ఆనాటి పంపిణీ పద్ధతి కూడా సినిమాకు ఓపికగా నిలబడే వీలు కల్పించింది. ప్రతి థియేటరుకూ రీళ్ల ప్రింటు విడిగా తీయించి పంపవలసి రావడం, దాని ఖర్చు ఎక్కువ కావడం వల్ల భారీ చిత్రమైనా కొన్ని వందల ప్రింట్లతో ముందు పెద్ద ఊళ్లలో మొదలై, అక్కడ ఆడిన తర్వాత చిన్న ఊళ్లకు చేరేది. అలాంటి రోజుల్లో పండుగ ఒక మంచి ముహూర్తం మాత్రమే; ముంబయిలోని మరాఠా మందిర్ థియేటరులో 'దిల్‌వాలే దుల్హనియా' పాతికేళ్లకు పైగా ఆడిందంటే అందులో ముహూర్తబలం పాలు ఎంతని చెప్పగలం!

1997లో ఢిల్లీలోని సాకేత్‌లో పీవీఆర్ అనుపమ్ పేరిట మల్టీప్లెక్స్ శకం మొదలు కావడం, ఆ తర్వాతి దశాబ్దంలో రీళ్ల స్థానంలోకి డిజిటల్ ప్రదర్శన రావడం ఈ అమరికను తలకిందులు చేశాయి. ప్రింటు ఖర్చు లేకపోవడంతో ఒకే ఉదయం నాలుగైదు వేల తెరల మీద సినిమా వేయడం సాధ్యమైంది. అన్ని తెరల మీద వేసినప్పుడు చూడదలచినవారిలో అధిక భాగం మొదటి వారాంతంలోనే చూసేస్తారు. అలా చూసేస్తారు కాబట్టి ఆ వారాంతం పండుగైతే మరీ మంచిదన్న తర్కం బలపడింది. 2008 క్రిస్మస్‌కు వచ్చిన 'గజినీ' స్వదేశంలో వంద కోట్ల రూపాయల నెట్, అనగా వినోదపు పన్ను తీసివేయగా మిగిలే టిక్కెట్టు సొమ్మును దాటిన తొలి హిందీ చిత్రంగా పేరు పొందాక సినిమా గుణదోషాల చర్చ స్థానాన్ని అంకెల చర్చ ఆక్రమించింది. ఆ అంకెలను తనిఖీ చేసే అధికారిక వ్యవస్థ ఏదీ మన దేశంలో లేదనీ, పోస్టర్ల మీద కనిపించే కోట్లు నిర్మాత చెప్పినవేననీ ప్రేక్షకులకు గుర్తు చేసేవారు అరుదు.

పండుగ బరిలో ఏ సినిమా నిలుస్తుందో చెప్పడానికి 2007 నాటి పోటీని మించిన ఉదాహరణ దొరకదు. ఆ ఏడాది నవంబరు 9న, దీపావళి రోజునే, ఫరా ఖాన్ దర్శకత్వంలో షారుఖ్ ఖాన్ నటించిన 'ఓం శాంతి ఓం', సంజయ్ లీలా భన్సాలీ తీసిన 'సావరియా' ఢీకొన్నాయి. దొస్తోయెవ్‌స్కీ 'తెల్లని రాత్రులు' కథ ఆధారంగా రణ్‌బీర్ కపూర్, సోనమ్ కపూర్‌లను పరిచయం చేస్తూ, హాలీవుడ్ సంస్థ సోనీ పెట్టుబడితో వచ్చిన 'సావరియా' నీలి కాంతిలో మునిగిన ఒంటరితనపు కథ. మాటల కన్నా మౌనానికి, సంఘటనల కన్నా రంగులకు ప్రాధాన్యమిచ్చిన చిత్రం. ఎదురుగా ఉన్నది 1970ల హిందీ సినిమాను ఆటపట్టిస్తూనే దానికి హారతి పట్టి, పునర్జన్మ కథలో డజన్ల కొద్దీ తారలను ఒకే పాటలో ఆడించిన జాతర. పండుగ పూట కుటుంబమంతా కలిసి వెళ్లినప్పుడు ఎవరిని ఎవరు గెలుస్తారో ఊహించడం కష్టం కాదు. 'సావరియా' లోపాలు దానికి ఉన్నాయి, కథనం సాగదీతగా ఉందన్న ఆరోపణ అన్యాయం కాదు. అయినా ఆ చిత్రం జనవరి చలిలో ఎదురు లేకుండా కొద్ది తెరల మీద వచ్చి ఉంటే, ఓటమిగా కాక విచిత్రమైన ప్రయోగంగానైనా మిగిలేదని అనిపించక మానదు. తేదీ సినిమాకు సాయపడుతుందని అందరూ చెబుతారు, తప్పుడు తేదీ సినిమా స్వభావాన్నే అపార్థం చేయిస్తుందన్న మాట ఎక్కువగా వినిపించదు.

తేదీ విలువ పెరిగేకొద్దీ తెరల మీద పట్టు కోసం పెనుగులాట కూడా పెరిగింది. 2012 నవంబరు 13న యశ్ చోప్రా చివరి చిత్రం 'జబ్ తక్ హై జాన్', అజయ్ దేవగణ్ నిర్మించి నటించిన 'సన్ ఆఫ్ సర్దార్' ఒకే రోజున రానుండగా, అంతకు ముందు ఆగస్టులో వచ్చిన 'ఏక్ థా టైగర్' కావాలనుకున్న సింగిల్ స్క్రీన్ థియేటర్లు దీపావళికి 'జబ్ తక్ హై జాన్'ను కూడా తీసుకోవలసిందేనని యశ్‌రాజ్ సంస్థ షరతు పెట్టిందంటూ దేవగణ్ సంస్థ కాంపిటీషన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. సింగిల్ స్క్రీన్ అంటే ఒకే తెర ఉన్న పాతకాలపు థియేటరు. మల్టీప్లెక్సులో నాలుగు చిత్రాలు పక్కపక్కనే ఆడగలవు గానీ అక్కడ ఒకటి ఆడితే రెండోదానికి చోటుండదు. ప్రాథమిక ఆధారాలు లేవని కమిషన్ ఆ ఫిర్యాదును మూసివేసింది. న్యాయపరంగా ఆ తీర్పు సరైనదే కావచ్చు. కానీ ఆ వివాదం బయటపెట్టిన వాస్తవం ఒకటుంది: చిన్న ఊరి థియేటరు యజమానికి పండుగ అంటే ఏ సినిమా బాగుంటుందో చూసి ఎంచుకునే అవకాశం కాదు, చూడకుండానే నెలల ముందు సంతకం చేయవలసిన ఒప్పందం.

దీపావళి షారుఖ్‌దైతే ఈద్ సల్మాన్ ఖాన్‌దన్న మాట స్థిరపడటం వెనుక తెలుగు కథల పాత్రను హిందీ పత్రికలు తగినంతగా గుర్తించలేదు. 2009 సెప్టెంబరులో ఈద్‌కు వచ్చి సల్మాన్ దశను మార్చిన 'వాంటెడ్' పూరి జగన్నాథ్ 2006లో తీసిన 'పోకిరి'కి హిందీ రూపం. 2014 నాటి 'కిక్' సురేందర్ రెడ్డి తెలుగు 'కిక్'కు పునర్నిర్మాణం. ఈద్ చిత్రాలన్నింటిలోకీ ఉత్తమమని చెప్పదగిన 2015 నాటి 'బజరంగీ భాయీజాన్'కు కథ సమకూర్చినది కె.వి. విజయేంద్ర ప్రసాద్. మల్టీప్లెక్సుల కోసం నగర మధ్యతరగతి కథల వైపు మళ్లిన హిందీ సినిమాలో సింగిల్ స్క్రీన్ ప్రేక్షకుడికి చోటు కరువైన కాలంలో, ఆ ఖాళీని తెలుగు మాస్ కథానాయకుడు హిందీ మాట్లాడుతూ పూరించాడు. రంజాన్ ఉపవాసాల నెలంతా సినిమాకు దూరంగా ఉన్న ప్రేక్షకులు ఈద్ నాడు ఒక్కసారిగా థియేటర్లకు రావడం ఆ చిత్రాలకు తొలి ఊపు ఇచ్చింది. హైదరాబాదులోని సింగిల్ స్క్రీన్ థియేటర్లకు కూడా ఆ సందడి కొత్త కాదు. న్యాయంగా చెప్పాలంటే తేదీకి ఇక్కడ కొంత ఘనత దక్కాలి: చిరంజీవి 'స్టాలిన్'కు రూపాంతరమైన 'జై హో' సల్మాన్‌తోనే 2014 జనవరిలో, ఈద్ అండ లేకుండా వచ్చి ఆశించిన స్థాయిని అందుకోలేదు.

అయితే ఈద్ నిలిచి ఉండే తేదీ కాదు. ఇస్లామీయ చాంద్రమానానికి అధిక మాసపు సర్దుబాటు లేకపోవడంతో ఆ పండుగ ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతుంది. 'వాంటెడ్' నాడు సెప్టెంబరులో, 'సుల్తాన్' నాడు జూలై మొదటి వారంలో, 'రేస్ 3' నాడు జూన్ నడుమ ఉన్న ఈద్ 2025 నాటికి మార్చి నెలాఖరుకు, అనగా బోర్డు పరీక్షలు ముగియని, ఐపీఎల్ క్రికెట్ మొదలైన రోజులకు వచ్చి చేరింది. ఆ ఏడాది మార్చి 30న, తెలుగువారి ఉగాది నాడే, ఎ.ఆర్. మురుగదాస్ దర్శకత్వంలో విడుదలైన 'సికందర్'కు ప్రారంభమే మందకొడిగా దక్కింది. విడుదలకు ముందే చిత్రం ఇంటర్నెట్‌లోకి పొక్కడం ఒక కారణం కావచ్చు గానీ, పదేళ్ల కిందటి ఈద్ చిత్రపు పోత అచ్చులోనే కొత్త చిత్రాన్ని పోయడం అంతకన్నా పెద్ద కారణం. 2017లో 'ట్యూబ్‌లైట్', 2018లో 'రేస్ 3' హెచ్చరించినా పరిశ్రమ చెవికెక్కించుకోలేదు.

పండుగ బలం ఎంతవరకో కొలిచి చూపినది మాత్రం 2018 నాటి 'థగ్స్ ఆఫ్ హిందోస్తాన్'. అమితాబ్ బచ్చన్, ఆమిర్ ఖాన్ తొలిసారి కలిసి నటించిన ఆ చిత్రం దీపావళి మర్నాడు, నవంబరు 8న, తెలుగు, తమిళ అనువాదాలతో సహా దేశంలో దాదాపు అయిదు వేల తెరల మీద విడుదలై తొలి రోజే యాభై కోట్లు దాటింది. రెండో రోజు నుంచే జారడం మొదలై, మొత్తం వసూళ్లలో దాదాపు మూడో వంతు ఆ ఒక్కరోజు సొమ్మే అయింది. ఆమిర్ ఖాన్ ప్రేక్షకులకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకోవడం ఆయన హుందాతనమే. మునుపటి తరంలో ఒక సినిమా బాగాలేదన్న మాట ఊరి పొలిమేర దాటడానికి వారం పట్టేది. ఇప్పుడు ఉదయం ఆట విరామానికే దేశమంతా తెలిసిపోతుంది. పండుగ సెలవులు కూడా ఆ మాటను ఆపలేవు.

2024 నవంబరు 1న ఒకేసారి వచ్చిన 'సింగం ఎగైన్', 'భూల్ భులయ్యా 3' ఈ పరిణామంలో మరో మెట్టు. రోహిత్ శెట్టి తన పోలీసు చిత్రాల నాయకులందరినీ ఒకచోట చేర్చి, సీతాపహరణం నుంచి లంకా దహనం వరకు రామాయణ ఘట్టాలను రామ్‌లీలా ప్రదర్శన సాయంతో కథకు తొడిగాడు. ఉత్తరాదిన దీపావళి రాముడు అయోధ్యకు తిరిగివచ్చిన రోజు గనుక అక్కడి ప్రేక్షకుడికి ఆ పోలిక వెంటనే అందుతుంది. నరకాసుర వధను, సత్యభామను తలచుకునే తెలుగు ప్రేక్షకుడికి అది పండుగ కథగా కాక మరో రామాయణంగానే కనిపిస్తుంది. చిత్రం అసలు బలహీనత అది కాదు. ఒక్కో తారకు ఒక్కో ప్రవేశ సన్నివేశం, ఒక్కో ఈలకు ఒక్కో విరామం ఇస్తూ పోయేసరికి తొలి ఆట కేకలకు తగ్గట్టు కూర్చిన సన్నివేశాల దండ తయారైంది గాని కథ నడవలేదు. అనీస్ బజ్మీ తీసిన 'భూల్ భులయ్యా 3' గొప్ప చిత్రమేమీ కాదు, దాని హాస్యం చాలాచోట్ల మోటు. అయినా దెయ్యం ఎవరన్న ఒక్క ప్రశ్నను చివరిదాకా లాక్కొచ్చింది. రెండూ దేశీయంగా రెండు వందల యాభై కోట్లకు అటూ ఇటూగా నిలవగా, తక్కువ ఖర్చుతో తీసినది లాభపడింది, తారల జాబితా పొడవుగా ఉన్నది ఆ జాబితా బరువుకే కుంగింది.

మరోవైపు, హిందీ భాషలో అత్యధిక ప్రేక్షకులు చూసిన చిత్రాల్లో పలు చిత్రాలు ఉత్తరాది పండుగలతో నిమిత్తం లేకుండా వచ్చినవే. హిందీలో అయిదు వందల కోట్ల నెట్ దాటిన మొదటి చిత్రం 'బాహుబలి 2' 2017 ఏప్రిల్ 28న, సందీప్ రెడ్డి వంగా 'యానిమల్' 2023 డిసెంబరు 1న, అప్పటి వరకు ఉన్న హిందీ రికార్డులను చెరిపివేసిన 'పుష్ప 2' 2024 డిసెంబరు 5న విడుదలయ్యాయి. ఈ మూడింటి దర్శకులూ తెలుగువారే. ఇంకా ముచ్చటైన ఉదాహరణ యశ్‌రాజ్ సంస్థలోనే ఉంది. కొత్త నటీనటులతో మోహిత్ సూరి తీసిన 'సైయారా' 2025 జూలై 18న, వానాకాలం నడుమ, ఏ సెలవూ లేని శుక్రవారం వచ్చి, అదే సంస్థ దీపావళికి తెచ్చిన 'టైగర్ 3'ను దేశీయ వసూళ్లలో దాటిపోయింది.

ఈ జబ్బు హిందీకే పరిమితమని తెలుగు పరిశ్రమ మురిసిపోనక్కర లేదు. సంక్రాంతి బరి కోసం ఇక్కడ జరిగే పంచాయితీలు ఏటా చూస్తున్నవే. తేడా ఒక్కటే: పంట చేతికొచ్చి, వలస వెళ్లినవారు ఊరికి చేరే ఆ వారంలో తెలుగు కుటుంబం ఒక సినిమాతో ఆగదు, రెండు మూడు చూస్తుంది. 2025లో దిల్ రాజు సంస్థే నాలుగు రోజుల తేడాతో తెచ్చిన 'గేమ్ ఛేంజర్', 'సంక్రాంతికి వస్తున్నాం' చిత్రాల్లో భారీ పెట్టుబడి ఉన్నది కుదేలై, పరిమిత ఖర్చుతో పండుగ పూట ఇంటి గొడవను నవ్వులాటగా చెప్పినది గెలిచింది. 2024లో తక్కువ థియేటర్లతో మొదలైన 'హనుమాన్' ప్రేక్షకుల మాట మీదనే తెరలు పెంచుకుంది. రెండు మూడు చిత్రాలకు చోటుండే పండుగలో పోల్చి చూసే వీలు ప్రేక్షకుడికి ఉంటుంది. ఒకటి రెండు చిత్రాలే తెరలన్నీ కమ్మేసే హిందీ దీపావళిలో ఆ వీలు కుదించుకుపోతుంది.

తేదీకి తాకట్టు పడటంలో ఆర్థికం కాని ప్రమాదమూ ఉంది. ఉరీ సైనిక స్థావరం మీద ఉగ్రవాదుల దాడి తర్వాత 2016 దీపావళికి సిద్ధమైన 'ఏ దిల్ హై ముష్కిల్'లో పాకిస్తానీ నటుడు ఫవాద్ ఖాన్ ఉన్నాడన్న కారణంతో మహారాష్ట్ర నవనిర్మాణ సేన ప్రదర్శనను అడ్డుకుంటామన్నప్పుడు, ఇకపై ఆ దేశపు నటులను తీసుకోబోనని దర్శకుడు కరణ్ జోహార్ వీడియోలో హామీ ఇచ్చుకోవలసి వచ్చింది. చిత్రాన్ని నెల రోజులు వాయిదా వేసే వెసులుబాటు ఉన్న నిర్మాతకు బేరమాడే శక్తి కొంత ఉంటుంది. అక్టోబరు 28 దాటితే పెట్టుబడి మునిగిపోతుందని ఎదుటివారికి తెలిసినప్పుడు ఆ శక్తి మిగలదు.

పండుగకు ఇంకో రకం వాడకమూ సాధ్యమే. 2017 దీపావళి నాడు, 'గోల్‌మాల్ ఎగైన్' కన్నా ఒకరోజు ముందు వచ్చిన 'సీక్రెట్ సూపర్‌స్టార్' వడోదరలో తండ్రి హింసకు వెరచి బుర్ఖా చాటున పాడే బాలిక కథ. దాన్ని భారీ చిత్రమని ఎవరూ అనరు, అయినా ఇంటిల్లిపాది కలిసి కూర్చున్న సమయంలో ఇంటి లోపలి హింసను తెర మీదికి తేవడంలో ఒక ధైర్యం ఉంది. 2004లో 'వీర్ జారా' పక్కనే, నలభై నాలుగేళ్ల నాటి 'మొఘల్-ఎ-ఆజం'ను రంగులద్ది విడుదల చేసినప్పుడు తాతలు మనవలతో కలిసి థియేటరుకు వెళ్లే అవకాశం వచ్చింది. పండుగ విడుదల అంటే కేవలం తెరల సంఖ్య అనుకోనివారు ఈ తోవలో ఇంకా నడవవచ్చు.

నితేశ్ తివారీ దర్శకత్వంలో రణ్‌బీర్ కపూర్, సాయి పల్లవి, యశ్ నటిస్తున్న 'రామాయణ' రెండు భాగాలను వరుసగా 2026, 2027 దీపావళులకు తెస్తామని నిర్మాతలు 2024 నవంబరులోనే ప్రకటించారు. కథకూ పండుగకూ ఇంతకు మించిన పొంతన కుదరదు. అయితే రాముడు అయోధ్యకు చేరే ఘట్టం సహజంగా రెండో భాగానికి చెందినది గనుక మొదటి దీపావళికి పట్టాభిషేకం లేని రామాయణమే దక్కుతుంది. 2026లో దీపావళి నవంబరు 8న, 'టైగర్ 3' నాటి మాదిరే ఆదివారం వస్తోంది. శుక్రవారం విడుదల చేస్తే పండుగ పనుల రెండు రోజులు, పూజ సాయంత్రం కలిసి తొలి వారాంతాన్ని మింగేస్తాయి. సోమవారం దాకా ఆగితే శుక్రవారమే విడుదలన్న అలవాటును వదులుకోవాలి. ఏ రోజును ఎంచుకుంటారన్న దాన్ని బట్టే ఆ నిర్మాతలు తమ చిత్రం మూడు రోజులు ఆడాలని తీశారో, మూడు వారాలు నిలుస్తుందని నమ్ముతున్నారో తెలుస్తుంది.